స్టాప్‌వాచ్ 0.21 అంటోంది, సాఫ్ట్‌వేర్ 0.17 అంటోంది: ఏ లెక్క పట్టుకోవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. టీషర్టు భుజం కలిపే పనిని మీరు ఓవర్‌లాక్ మెషీన్ పక్కన నిలబడి స్టాప్‌వాచ్‌తో కొలిస్తే ఒక్కో భుజానికి 0.21 నిమిషం వచ్చింది. కంపెనీ కొత్తగా తెచ్చిన సాఫ్ట్‌వేర్ అదే పనికి 0.17 అంటోంది. రెండింట్లోనూ అలవెన్స్ (అలసటకు, సొంత అవసరాలకు, చిన్న ఆటంకాలకు కలిపే అదనపు కాలం) 20 శాతం కలిసే ఉంది. ప్రొడక్షన్ మేనేజర్ గారు 0.17 పట్టుకుని గంటకు 350 అడుగుతున్నారు. లైన్ ఎంత నెట్టినా 285 దగ్గరే ఆగుతోంది. ఆపరేటర్లకు మీ మీద కోపం, మేనేజర్‌కూ మీ మీదే కోపం. ఇందులో ఏది నిజం, ఈ ముందుగా కట్టిన కాలపట్టికల పద్ధతుల్లో ఏది నేర్చుకోవాలి అని అడిగారు. ఐఈ (ఇండస్ట్రియల్ ఇంజనీరు) ఉద్యోగంలో మొదటి ఏడాది చాలామందికి ఇలాగే గడుస్తుంది, దానికి టెన్షన్ పడకండి.

రెండు అంకెలూ సరైనవే అయి ఉండొచ్చు. మీ స్టాప్‌వాచ్ ఆ రోజు, ఆ అమ్మాయి, ఆ గుడ్డతో చేసిన పనిని కొలిచింది. సాఫ్ట్‌వేర్ మాత్రం దేన్నీ కొలవలేదు. ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని ‘వెనక ముక్క తీస్తుంది, ముందు ముక్క తీస్తుంది, అంచులు కలుపుతుంది, గుడ్డను నొక్కిపట్టే మెషీన్ ఫుట్ కింద పెడుతుంది’ అని రాస్తే, ఆ రాసిన ఒక్కో కదలికకూ పట్టికలో ఉన్న కాలాన్ని తెచ్చి కూడింది, అంతే. రాసిన పద్ధతీ మీ ఫ్లోర్లో జరిగే పద్ధతీ ఒకటే అయితే ఆ అంకె మీది. కాకపోతే అది మరెక్కడో మరెవరో చేసే పని లెక్క. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను. పట్టిక తప్పయి గొడవైన సందర్భం నాకు దాదాపు తగల్లేదు. పద్ధతి తప్పు రాసి గొడవైనవి మాత్రం చాలా చూశాను, వాటిలో కొన్ని నేను చేసినవే.

ఈ పట్టికలు ఎందుకు పుట్టాయో కాస్త తెలిస్తే మీ మేనేజర్‌తో మాట్లాడటం సులువవుతుంది. ఫ్రెడరిక్ టేలర్ 1880లలో అమెరికాలో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో పనిని ముక్కలు చేసి కొలవడం మొదలుపెట్టాడు. స్టాప్‌వాచ్‌తో వచ్చే చిక్కు గడియారంలో లేదు, రేటింగ్‌లో ఉంది. ఎదురుగా ఉన్న మనిషి మామూలు వేగంతో చేస్తున్నాడా, కావాలని నెమ్మదిగా చేస్తున్నాడా అన్నది కొలిచేవాడి అంచనా. అది వంద అని వాడు రాసుకుంటాడు, ఎనభై అని వీడు రాసుకుంటాడు. 1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధాగారంలో మోల్డింగ్ పనివాళ్ళు తమ మీద స్టాప్‌వాచ్ పెట్టారని పని మానేసి బయటికి వచ్చేశారు. ఆ గొడవ అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్ళింది. 1915 నుంచి ప్రభుత్వ ఆయుధాగారాల్లో స్టాప్‌వాచ్‌తో కొలవకూడదని నిధుల బిల్లులోనే షరతు పెట్టారు. ఆ షరతు 1949 దాకా నడిచింది. మీ ఓవర్‌లాక్ అమ్మాయి మిమ్మల్ని చూసి మొహం తిప్పుకోవడం కొత్త సంగతేం కాదు.

అదే కాలంలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇంకో దారిలో వెళ్ళాడు. తాపీ పనితో మొదలైన మనిషి. ఒక ఇటుక పెట్టడానికి మేస్త్రీ చేసే 18 కదలికలను అయిదుకి దించాడు. ఇటుకలు వంగి ఎత్తుకోనక్కర లేకుండా చేతి ఎత్తుకు వచ్చే పరంజా కట్టించాడు. భార్య లిలియన్‌తో కలిసి పనిని సినిమా తీసి చూస్తూ చేతిపనిలోని మూల కదలికలకు పేర్లు పెట్టాడు: వెతకడం, పట్టుకోవడం, మోయడం, సరిగ్గా కూర్చోబెట్టడం, వదలడం, ఇలా పదిహేడు పద్దెనిమిది. వాటన్నిటికీ కలిపి తన ఇంటిపేరునే వెనక నుంచి తిప్పి థర్బ్లిగ్ అన్నాడు. పేర్లయితే వచ్చాయి గాని, ఒక్కోదానికి ఇంత కాలం అనే పట్టిక ఇంకా లేదు.

ఆ పట్టిక ఆలోచనను 1920లలో సెగర్ అనే ఇంజనీరు ముందుకు తెచ్చాడు. బాగా అలవాటైన మనుషులెవరైనా ఒకే మూల కదలికకు ఇంచుమించు ఒకే కాలం తీసుకుంటారన్నది ఆయన పట్టుకున్న సూత్రం. 1930లలో ఫిలడెల్ఫియాలో జోసెఫ్ క్విక్ బృందం వర్క్-ఫ్యాక్టర్ పద్ధతి తయారుచేసింది. ఇక 1940లలో పిట్స్‌బర్గ్‌లోని వెస్టింగ్‌హౌస్‌లో మేనార్డ్, స్టెగెమెర్టెన్, శ్వాబ్ అనే ముగ్గురు డ్రిల్లింగ్ మెషీన్ మీద పనిచేసేవాళ్ళను సెకనుకు 16 ఫ్రేముల చొప్పున సినిమా తీసి, ఫ్రేములు లెక్కపెట్టి ఎంటీఎం (మెథడ్స్-టైమ్ మెజర్‌మెంట్) అనే పద్ధతి తయారుచేశారు. 1948లో దాన్ని పుస్తకంగా వేసి పట్టికలతో సహా బయటపెట్టేశారు. వర్క్-ఫ్యాక్టర్ వాళ్ళు తమ పట్టికలను కన్సల్టెన్సీ సొత్తుగా దాచుకుంటే వీళ్ళు దాచుకోలేదు. ప్రపంచమంతా ఎంటీఎం పాకడానికి నా లెక్కలో అదే పెద్ద కారణం.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ‘సాఫ్ట్‌వేర్‌లో రేటింగ్ లేదు కాబట్టి గొడవ లేదు’ అని అమ్మడానికి వచ్చినవాళ్ళు అంటారు. రేటింగ్ ఎక్కడికీ పోలేదు. ఆ సినిమాల్లో ఉన్న పనివాళ్ళకు అప్పుడే రేటింగ్ వేసి, అందరినీ ఒక మట్టానికి తెచ్చి, ఆ తర్వాతే పట్టిక కట్టారు. ప్రతి ఫ్లోర్లో రోజూ జరగాల్సిన వాదన ఒక్కసారి జరిగిపోయింది, అదే దానివల్ల లాభం. కానీ ఆ మట్టం ఏమిటో మీకు తెలిసుండాలి. ఎంటీఎం వాళ్ళ 100 అంటే బ్రిటిష్ ప్రమాణం స్కేలులో సుమారు 83. బ్రిటిష్ స్కేలులో 100 అంటే ఇన్సెంటివ్ కోసం చురుగ్గా చేసే వేగం, ఎంటీఎంలో 100 అంటే రోజంతా నిలకడగా చేయగల మామూలు వేగం. ఎంటీఎం కాలాన్ని 0.83తో గుణిస్తే బ్రిటిష్ 100 దగ్గరి కాలం వస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఎవరైనా ఈ గుణకారం పెట్టి ఉంచారేమో ముందు చూడండి. ఒక్క టిక్కు వల్ల 17 శాతం కాలం ఎగిరిపోతుంది. పెట్టలేదు అనుకునే మిగతా లెక్క చెబుతున్నాను.

కొలమానం సంగతి. గంటను లక్ష భాగాలు చేస్తే ఒక భాగం టీఎంయూ. అంటే 0.036 సెకను. సెకనుకు దాదాపు 28 టీఎంయూలు. లక్షలు మనకు అలవాటైన లెక్కే కాబట్టి ఇది మనవాళ్ళ నోటికి తొందరగా పడుతుంది.

మొదటి ఎంటీఎంలో, అంటే ఇప్పుడు ఎంటీఎం-1 అనేదాంట్లో, చెయ్యి 30 సెంటీమీటర్లు చాచడానికి ఒకే కాలం ఉండదు. ఎప్పుడూ ఒకేచోట ఉండే వస్తువు కోసమైతే 9.5 టీఎంయూ. విడిగా ఉన్నా చోటు కొద్దిగా మారే వస్తువైతే 12.8. కుప్పలోంచి ఒకటి ఏరుకోవాలంటే 14.1. పొయ్యి పక్కన ఉప్పు డబ్బాకు చెయ్యి చూడకుండానే వెళ్తుంది. పోపులపెట్టెలో మెంతుల మధ్య పడిన ఆవగింజను తియ్యాలంటే మాత్రం చెయ్యి దారిలోనే నెమ్మదిస్తుంది. దూరం అదే, చివర్లో ఏముందో అది తేడా. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. పనిచేసే మనిషిని కాకుండా, ఆ మనిషి ముందు మనం వస్తువును ఎలా పెట్టామో చూడమంటుంది.

ఎంటీఎం-1తో ఒక నిమిషం పనిని రాయడానికి గంటలు పడుతుంది. అందుకని 1965లో స్వీడన్ వాళ్ళు కదలికలను గుచ్ఛాలుగా కలిపి ఎంటీఎం-2 చేశారు. అందులో ముఖ్యమైనవి రెండే: తీసుకోవడం, పెట్టడం. తీసుకోవడంలో మూడు రకాలు. వేళ్ళు మూయక్కరలేనిది జీఏ. వేళ్ళు ఒక్కసారి మూస్తే వచ్చేది జీబీ. విడదీసుకోవడం, సర్దుకోవడం లాంటివి కావలసినది జీసీ. పెట్టడంలోనూ మూడే. నేరుగా పెట్టేయడం పీఏ, ఒక్కసారి సరిచేసి పెట్టడం పీబీ, ఒకటికంటే ఎక్కువసార్లు సరిచేసి పెట్టడం పీసీ. దూరాలు 5, 15, 30, 45, 80 సెంటీమీటర్ల మెట్లు. పట్టిక మొత్తం విజిటింగ్ కార్డు మీద పడుతుంది.

ఇప్పుడు మీ భుజం. మీ సాఫ్ట్‌వేర్‌లో ఏం రాసి ఉంటారో ఊహించి ఎంటీఎం-2లో చేత్తో లెక్క కడుతున్నాను. పేర్చిన దొంతరలోంచి వెనక ముక్క తీయాలి. ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి జీసీ, 45 సెంటీమీటర్లు, 27 టీఎంయూ. దాన్ని ముందుకు తెచ్చుకోవడం పీఏ-45, 15. ముందు ముక్క తీయడం మళ్ళీ జీసీ-45, ఇంకో 27. రెండింటి భుజం అంచులు కలపడం పీసీ-30, దీనికి 30. రెండో కొస కలపడానికి అదనంగా పీసీ-5, అంటే 21. ఈ 21 ఎందుకు అని అడగొచ్చు. రెండు చేతులూ ఒకేసారి కదులుతాయి నిజమే, కాని రెండు కొసలనూ కళ్ళు ఒకేసారి చూడలేవు. సునిశితమైన పనులు రెండు ఒకేసారి జరగవని పట్టికే ఒప్పుకుని ఈ అదనం వేస్తుంది. తర్వాత ఫుట్ కింద పెట్టడం పీసీ-15, 26. కాలితో పెడల్ 9. కుట్టాక పక్కన పడేయడం పీఏ-80, 20. మొత్తం 175 టీఎంయూ, సరిగ్గా 6.3 సెకన్లు.

ఇక కుట్టు. భుజం 14 సెంటీమీటర్లు, సెంటీమీటరుకు 5 కుట్లు అనుకుంటే 70 కుట్లు. మెషీన్ నిమిషానికి 6000 కుట్లు వేస్తే సెకనుకు 100. అంటే సూది పూర్తి వేగంతో నడిచేది 0.7 సెకను. మొదలెట్టడం, ఆపడం, మధ్యలో గుడ్డ దారి తప్పకుండా పట్టుకోవడం కలిపి రెండు సెకన్లు వేసుకోండి. మొత్తం 8.3. అలవెన్స్ 20 శాతం కలిపితే దాదాపు 10 సెకన్లు, 0.166 నిమిషం. మీ సాఫ్ట్‌వేర్ 0.17 ఇక్కడిదే అయి ఉంటుంది.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగి ఆ 8.3లో ఏముందో చూడండి. మెషీన్‌ది రెండు సెకన్లు, చేతులది ఆరు చిల్లర. 7000 కుట్ల మెషీన్ కొంటే 0.7 కాస్తా 0.6 అవుతుంది. మిగిలేది సెకనులో పదో వంతు. మేనేజర్లు మెషీన్ కేటలాగు చూస్తూ కూర్చున్నప్పుడు ఈ లెక్క వాళ్ళ ముందు పెట్టాలని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఇప్పుడు 0.17కీ 0.21కీ మధ్య తేడా వెతుకుదాం. మీ ఫ్లోర్ నేను చూడలేదు, కాబట్టి నేనైతే ఎక్కడ వెతుకుతానో చెబుతాను. ముందుగా ముక్కల మీద అంటించే నంబరు చీటీలు. కటింగ్‌లో ఒక్కో పొరకు ఒక నంబరు వేస్తారు కదా, వెనక ముక్క 14 అయితే ముందు ముక్కా 14 కావాలి, లేకపోతే షేడ్ తేడా వస్తుంది. ఆ నంబరు చూసుకోవడం కంటి పని. ఎంటీఎం-2లో ఒక్కో చూపుకు 7. రెండు ముక్కలకు 14. రెండోది గుడ్డ. సింగిల్ జెర్సీ అయితే అంచు చుట్టుకుపోతుంది. దాన్ని వేలితో విప్పి సర్దాలి. పట్టు మార్చుకోవడం 6, దగ్గర్లోనే ఒక్కసారి సరిచేసి పెట్టడం 10, మొత్తం 16. మూడోది బండిల్. కట్టు విప్పడం, టికెట్ తీసి పెట్టుకోవడం, అయిపోయాక మళ్ళీ కట్టడం పది సెకన్ల పని అనుకుందాం. బండిల్‌కు 20 ముక్కలుంటే ముక్కకు అర సెకను, 14 టీఎంయూ. ఈ మూడూ కలిపి 44. అంటే 1.6 సెకన్లు, అలవెన్స్‌తో 1.9. నిమిషాల్లో 0.032. 0.166కి కలిపితే 0.198.

ఇంకా 0.012 మిగిలింది, ముక్కాలు సెకను కూడా లేదు. అది మీ రేటింగ్‌లో ఉండొచ్చు. మీరు ఆవిడ వేగానికి ఎంత రేటింగ్ వేశారో రాయలేదు. కొత్త ఐఈలు చాలామంది కళ్ళు మూసుకుని 100 వేసేస్తారు. ఆవిడ నిజంగా 94, 95 దగ్గర చేస్తుంటే ఆ ముక్కాలు సెకనుకు జవాబు దొరికినట్టే.

నంబరు చూసుకోవడం కంటి పని అన్నాను కదా, ఆ పని ఎవరికీ కనబడదు. అది నేను నేర్చుకున్న విధం చెబుతాను. ఉద్యోగంలో రెండో ఏడు. బెంగళూరు శివార్లలో ఒక ఫ్యాక్టరీ, పేరు అనవసరం. లైన్లో హిందూపురం, మడకశిర వైపు నుంచి వచ్చే మన తెలుగువాళ్ళే ఎక్కువ. సైడ్ సీమ్ పనికి నేను ఏసీ గదిలో కూర్చుని ముచ్చటగా పద్ధతి రాసి, టార్గెట్ బోర్డు మీద వేయించాను. నాలుగు రోజులు లైన్ అందుకోలేదు. వీళ్ళు కావాలని చేస్తున్నారని సూపర్‌వైజర్ అన్నాడు, నేనూ తలూపాను. అయిదో రోజు ఒక పెద్దావిడ మెషీన్ ఆపి, ‘సార్, ఈ చీటీల నంబర్లు చూసుకోడానికి టైం వేశారా?’ అంది. వేయలేదు. వేయకపోవడానికి కారణం సిగ్గుపడాల్సిందే: నేను రెండుసార్లు ఫ్లోర్‌కు వెళ్ళినా ఆవిడ వెనక నిలబడి చూశాను. వెనక నుంచి చూస్తే చేతులు కనబడతాయి, కళ్ళు కనబడవు. చేతులు ఒక్క క్షణం ఆగాయి. దాన్ని నేను బద్ధకం అనుకున్నాను. అప్పటినుంచి ఎదురుగా, కొంచెం పక్కకు నిలబడి చూడటం అలవాటు చేసుకున్నాను. ఆవిడ అడిగినది కాగితం మీద ఒక్క వరుస. టార్గెట్ మార్చడానికి నాకు పట్టింది మాత్రం పది రోజులు, ఎందుకంటే అప్పటికే ఆ అంకె పైవాళ్ళ రిపోర్టుల్లోకి ఎక్కిపోయింది. మీ 0.17 ఇంకా అలా ఎక్కకముందే కదలండి.

సరే, మీ ప్రశ్నలో ఇంకో సగం: ఏది నేర్చుకోవాలి. పైన నేను ఎంటీఎం-2తో కట్టిన లెక్క నేర్చుకోవడానికి మాత్రమే. నియమం ప్రకారం అది అక్కడ వాడకూడదు. చేతిపని భాగం ఒక నిమిషానికి మించి ఉండాలి, అదే చిన్న పని రోజంతా వేలసార్లు తిరగకూడదు, వేళ్ళతో చేసే చిక్కు పనులు ఎక్కువ ఉండకూడదు అంటారు. కారణం తేలికే. పట్టికలో ప్రతి అంకె ఒక సగటు. పని పొడుగ్గా ఉంటే అటూ ఇటూ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆరు సెకన్ల పనిలో కొట్టేసుకోవడానికి చోటు లేదు, తప్పు తప్పుగానే మిగిలి వేలసార్లు తిరుగుతుంది. కుట్టు పనుల కోసమే జీఎస్‌డీ (జనరల్ సూయింగ్ డేటా) అనే పద్ధతి పుట్టింది ఇందుకే. దాని కింద ఉన్నది ఎంటీఎం పునాదే. రెండు ముక్కలు కలిపి తీసుకోవడం, ఫుట్ కింద పెట్టడం, పక్కన పెట్టడం లాంటివి కుట్టు లైన్లో నిజంగా జరిగే రూపంలో కోడ్లుగా కట్టారు. కుట్టు పొడవు, కుట్ల సాంద్రత, మెషీన్ వేగం ఇస్తే మెషీన్ కాలం వేరుగా లెక్కవుతుంది. గార్మెంట్స్‌లోనే ఉండేట్టయితే మీరు అది నేర్చుకోక తప్పదు. కానీ ముందు ఎంటీఎం-2 చేత్తో నేర్చుకోండి. కోడ్ల మీద క్లిక్ చేయడం వారంలో వస్తుంది. ఒక పట్టు జీబీయా జీసీయా అని చూసి చెప్పడానికి మాత్రం నెలలు పడుతుంది. ఆ కన్ను లేనివాడి చేతిలో ఏ సాఫ్ట్‌వేర్ అయినా తనకు కావలసిన అంకె వచ్చేదాకా కోడ్లు మార్చే యంత్రం.

మోస్ట్ అనే ఇంకో పద్ధతి గురించి అందరూ అడుగుతారు. 1960ల చివర్లో స్వీడన్‌లో శెల్ జాండిన్ తయారుచేశాడు. వస్తువును తీసుకెళ్ళి పెట్టడమనే వరుసను ఒక వాక్యంలా రాసి, ప్రతి అక్షరానికీ 0, 1, 3, 6, 10, 16 అంకెల్లో ఒకటి వేసి, కూడి, పదితో గుణించడమే. కుట్టు మెషీన్ దగ్గర ఇది మోటు కొలత. లైన్లో హెల్పర్ల పనికి మాత్రం భలే ఉంటుంది. హెల్పర్ నాలుగడుగులు వేసి, వంగి, బరువైన బండిల్ ఎత్తుకుని, నాలుగడుగులు వెనక్కి వచ్చి టేబుల్ మీద పెట్టాడనుకోండి. నడక 6, వంగి లేవడం 6, బరువైన పట్టు 3, మళ్ళీ నడక 6, పెట్టడం 1. మొత్తం 22, టీఎంయూల్లో 220, సెకన్లలో 8 కంటే కాస్త తక్కువ. రెండు నిమిషాల్లో కాగితం మీద తేలిపోతుంది. ఆ వంగడం ఒక్కటీ తీసేయడానికి బండిల్‌ను నడుము ఎత్తున స్టాండ్ మీద పెట్టిస్తే 60 టీఎంయూలు, రెండు సెకన్లకు పైగా మిగులుతాయి. వాడి నడుమూ మిగులుతుంది.

మోడాప్ట్స్ అనే పద్ధతిని 1966లో ఆస్ట్రేలియాలో క్రిస్ హైడ్ తెచ్చాడు. ఒక మాడ్ అంటే 0.129 సెకను. వేలి కదలిక ఒకటి, చెయ్యి రెండు, ముంజేయి మూడు, మొత్తం బాహువు నాలుగు. కోడ్‌లోనే అంకె ఉంటుంది కాబట్టి పట్టిక అక్కర్లేదు. కొరియా ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. రేపు మీరు కార్ల విడిభాగాల వైపు వెళ్తే పనికొస్తుంది. జర్మనీ వైపు కంపెనీలైతే ఎంటీఎం కుటుంబంలోదే అయిన ఎంటీఎం-యూఏఎస్ అడుగుతారు. ఇవేవీ ఒకదానికొకటి శత్రువులు కావు. మీ ఫ్యాక్టరీలో ఏది ఉందో అది పట్టుకోండి.

పట్టికలు ఏం చెప్పవో కూడా మేనేజర్‌కు చెప్పాలి. ఇవి ఆ పనికి పూర్తిగా అలవాటు పడిన మనిషి కాలాలు. నెల కిందట చేరిన అమ్మాయికి అదే అంకె మొదటి రోజు నుంచే పెడితే అది కొలత కాదు, బెదిరింపు. ఆలోచించాల్సిన పని ఉంటే పట్టిక ఇంచుమించు మూగదే. ‘ఈ మరక ఉతికితే పోతుందా, ముక్క మార్చాలా’ అని చెకర్ తేల్చుకునే కాలం అందులో లేదు. జారిపోయే జార్జెట్‌కూ బిగుసుకుపోయే డెనిమ్‌కూ ఒకే కోడ్ వేస్తే ఎవరో ఒకరు నష్టపోతారు.

అలవెన్స్ దగ్గర కూడా జాగ్రత్త. అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్క్ స్టడీ పట్టికలో సొంత అవసరాలకు మగవాళ్ళకు 5, ఆడవాళ్ళకు 7 శాతం, మామూలు అలసటకు 4 శాతం ఇచ్చారు. నిలబడి చేయడం, వేడి, వెలుతురు తక్కువ, శబ్దం లాంటివి దాని మీద అదనం. అంటే మీ లైన్లో ఆడవాళ్ళకు 11 కదపకూడనిది. మిగతా 9 లోనే దారం తెగడం, బాబిన్ లేదా కోన్ మార్చడం, మెషీన్ మొరాయించడం అన్నీ ఇమడాలి. రేకుల షెడ్డులో ఏప్రిల్, మే నెలల్లో ఆ 9 ఎలా సరిపోతుందో నాకైతే తెలియదు. టార్గెట్ అందనప్పుడు చాలామంది ముందు కోసేది అలవెన్సే, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్‌లో ఒక్క గడి. మీరు ఆ గడి జోలికి వెళ్ళకండి, ఎవరైనా వెళ్తే తారీఖు వేసి రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మంచి వార్త. మేనేజర్ అడిగే 350కి దగ్గరగా వెళ్ళే దారి కూడా ఇదే కాగితంలో ఉంది. దొంతరను టేబుల్ అంచుకు భుజం కొసలు కొద్దిగా బయటికి వచ్చేలా, ఒక్కో ముక్కా కాస్త జరిపి పేర్చి పెట్టిస్తే ముక్క విడదీసే పని పోతుంది. జీసీ-45 కాస్తా జీబీ-45 అవుతుంది, 27 బదులు 18. రెండు ముక్కలకు కలిపి 18 టీఎంయూ మిగులు. కుట్టినది పడేసే చోటు 80 సెంటీమీటర్ల నుంచి 30కి దగ్గర చేస్తే 20 బదులు 11, ఇంకో 9. మొత్తం 27 టీఎంయూ, దాదాపు ఒక సెకను. అలవెన్స్‌తో 0.019 నిమిషం. 0.198లోంచి అది తీస్తే 0.179, గంటకు 335. ఆ అమ్మాయి ఒక్క వేలు కూడా ఇప్పటికంటే వేగంగా కదపక్కర్లేదు. అయితే ముక్కలు జరిపి పేర్చే పని ఎవరో ఒకరు చేయాలి. కటింగ్ దగ్గర బండిల్ కట్టేటప్పుడే చేయిస్తే సరి. లైన్ హెల్పర్ మీద పడేస్తే కాలం ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి వెళ్తుందంతే.

సోమవారం చేయాల్సింది చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లోంచి ఆ ఆపరేషన్ పద్ధతి షీటు ప్రింట్ తీసుకోండి. ఫోన్‌తో ఆవిడ పనిని ఎదురు నుంచి ఓ ఇరవై పీసులు వీడియో తీయండి, ముందు ఆవిడకు ఎందుకో చెప్పి, ఒప్పుకున్నాకే. మధ్యాహ్నం భోజనాల ముందు ఒకసారి, సాయంత్రం నాలుగు దాటాక ఒకసారి తీస్తే మంచిది. షీటులోని ఒక్కో వరుసకు వీడియోలో ఉందా లేదా అని టిక్ పెట్టండి. వీడియోలో ఉండి షీటులో లేనివి ఎర్ర పెన్నుతో చేర్చండి. తర్వాత ఆ షీటు పట్టుకుని ఆపరేటర్ దగ్గరికే వెళ్ళి, ‘అమ్మా, ఇందులో ఏమైనా వదిలేశానా చూడు’ అని అడగండి. తెలుగులో రాసి చదివి వినిపించండి, కోడ్లు చూపిస్తే లాభం లేదు. ఆవిడ తప్పకుండా ఒకటో రెండో చెబుతుంది. అవి కూడా కలిపాక మేనేజర్ గదికి వెళ్ళండి. అప్పుడు మీ చేతిలో 0.21 ఉండదు, 0.17 ఉండదు, ఎర్ర పెన్ను గీతలున్న ఒక షీటు ఉంటుంది. ఏ గీత కొట్టేయాలో, దానికి ఫ్లోర్లో ఏం మార్చాలో ఆయన్నే చెప్పమనండి.

ఆ చుట్టుకుపోయే అంచు సంగతి మాత్రం నాకు మళ్ళీ రాయండి. మీ గుడ్డ జెర్సీయా, ఇంటర్‌లాకా? ఇంటర్‌లాక్ అయితే అంచు చుట్టుకోదు, ఆ 16 టీఎంయూలు నేను ఊరికే కలిపినట్టే, వేరే చోట వెతకాలి.